తక్కువ పన్ను, చిన్న ప్రభుత్వం: ఉత్తరాంధ్ర లెక్క వేరు

ఇచ్ఛాపురం చుట్టుపక్కల బండి ఉన్నవాళ్లకు పెట్రోలు ఎక్కడ పోయించుకోవాలో ఒకరు చెప్పక్కర్లేదు. సరిహద్దు దాటి ఒడిశా బంకులో ట్యాంకు నింపుకుంటే లీటరుకు ఏడెనిమిది రూపాయలు మిగులుతాయి. చమురు కంపెనీలు అవే, ట్యాంకర్లు తిరిగేదీ అదే 16వ నంబరు జాతీయ రహదారి మీద. తేడా దాదాపు అంతా పన్నులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు. ఒడిశాలో 28 శాతంతో సరి. డీజిల్ మీద తేడా ఇంత ఉండదు గానీ, 300, 400 లీటర్లు పట్టే లారీ ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి అదే వెయ్యి రూపాయలు దాటుతుంది. కోల్‌కతా నుంచి చెన్నై పోయే లారీ సరిహద్దుకు ఏ పక్కన ఆగుతుందో ఊహించడం కష్టం కాదు. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 రూపాయలు తగ్గించినప్పుడు ఒడిశాతో సహా చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ కూడా కొంత కోసుకున్నాయి. ఆంధ్ర కోసుకోలేదు.

మద్యం సంగతీ అంతే. 2020 మేలో రాష్ట్ర ప్రభుత్వం మద్యం ధరలను ముందు 25 శాతం, వెనువెంటనే మరో 50 శాతం పెంచింది. తాగుడు మాన్పించడానికేనని చెప్పారు. ఒడిశా సీసాలు సరిహద్దు దాటి రావడం పెరిగింది. ఆ నెలలోనే అక్రమ మద్యాన్ని, ఇసుకను పట్టుకోవడానికి స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో అనే కొత్త విభాగం పుట్టింది. పన్ను పెరిగితే దానికి కాపలాగా ప్రభుత్వం కూడా పెరుగుతుందన్నమాట.

పన్నులు తగ్గించాలి, ప్రభుత్వం తన పరిధిలో తాను ఉండాలి, అప్పుడే రాష్ట్రం ఎదుగుతుంది అనేవాళ్లకు ఈ సరిహద్దు మంచి సాక్ష్యం. వాళ్ల వాదంలో బలం ఉంది. కొనుగోలుదారు సులువుగా కదలగలిగిన చోట ఎక్కువ పన్ను వేస్తే రాబడి పక్క రాష్ట్రానికి పోతుంది, బిల్లు లేని వ్యాపారం పెరుగుతుంది. కానీ ట్యాంకు నింపుకోవడానికి పది కిలోమీటర్లు వెళ్లడం వేరు, వంద కోట్లు పెట్టి ఫ్యాక్టరీ కట్టడం వేరు. పన్ను రేటు చూసి మొదటిది జరుగుతుంది. రెండోది రేటు చూసే జరుగుతుందా అన్నది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండు వందల ఏళ్లుగా తేలుస్తూ వస్తున్న విషయం. తలసరి ఆదాయం పట్టికలో ఈ ప్రాంతం ఎప్పుడూ చివరి వరసలోనే ఎందుకుంటోందో అడిగితే, పన్ను రేటు ఆ జవాబులో ఒక చిన్న ముక్క మాత్రమే.

అమెరికా వాదం, ఆంధ్ర చేతులు

ఈ చర్చ ఎక్కువగా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ రాష్ట్రానికి సొంతంగా ఆదాయపు పన్ను వేసుకునే అధికారం ఉంది. టెక్సాస్, ఫ్లోరిడాల్లో వ్యక్తుల ఆదాయం మీద రాష్ట్ర పన్ను అసలే లేదు. కాలిఫోర్నియాలో భారీగా ఉంది. జనం, కంపెనీలు టెక్సాస్‌కు తరలడాన్ని తక్కువ పన్ను మహిమగా చూపిస్తారు. ఆస్తి పన్ను దేశంలోనే ఎక్కువ ఉన్న రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటనీ, చమురు, గ్యాస్ రాబడి అదనంగా ఉందనీ చెప్పడం మర్చిపోతారు. కాన్సాస్ కథ ఇంకా చేదు. 2012లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ ఆదాయపు పన్ను పైరేటును 6.45 నుంచి 4.9 శాతానికి దించి, చిన్న వ్యాపారాల ఆదాయానికి పన్నే తీసేశారు. పెట్టుబడి పరుగెత్తుకు వస్తుందన్నారు. రాలేదు. ఖజానా ఖాళీ అయి బడుల మీద కోత పడింది. 2017లో ఆయన సొంత పార్టీకే మెజారిటీ ఉన్న చట్టసభ ఆయన వీటోను తోసిపుచ్చి ఆ కోతలను ఎత్తేసింది.

మన దగ్గర రాష్ట్రానికి ఆ స్వేచ్ఛే లేదు. ఆదాయపు పన్ను, కంపెనీ పన్ను, కస్టమ్స్ కేంద్రానివి. 2019 సెప్టెంబరులో కంపెనీ పన్నును 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకు 15 శాతానికి దించినప్పుడు ఆ రేటు రణస్థలానికీ గుర్‌గావ్‌కూ ఒకటే. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను రేటు కూడా రాష్ట్రం ఒక్కటే నిర్ణయించేది కాకుండా పోయింది. రాష్ట్రం చేతిలో మిగిలినవి పెట్రోలు, డీజిల్ వ్యాట్, మద్యం, రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను, వృత్తి పన్ను, కరెంటు సుంకం. అందుకే ఏ పార్టీ వచ్చినా వీటి మీదే పడుతుంది. వాళ్ల దుర్బుద్ధి అనుకోనక్కర్లేదు, పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

ఇందులో తయారీదారుకు దెబ్బ తగిలే చోటు ఒకటి ఉంది. జీఎస్టీ కట్టిన ముడిసరుకు మీద పన్ను తర్వాత సర్దుబాటు అవుతుంది. దాన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటున్నాం. డీజిల్ మీద వ్యాట్‌కు, కరెంటు సుంకానికి ఆ సర్దుబాటు లేదు. కట్టింది కట్టినట్టు ఖర్చులో కూర్చుంటుంది. రాష్ట్రం ఎక్కడ పన్ను పెంచగలదో సరిగ్గా అక్కడే పరిశ్రమకు తిరిగి రాని ఖర్చు పెరుగుతుంది.

టన్నుకు నాలుగు వేల యూనిట్లు

దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది విజయనగరం ప్రాంతంలోనే, 1890ల మొదట్లో. ఆ ఖనిజాన్ని నమ్ముకునే గరివిడిలో, తర్వాత బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసులు వెలిశాయి. ఉక్కు తయారీలో కలిపే మిశ్రమ లోహం ఇక్కడ తయారవుతుంది. ఈ పరిశ్రమకు కరెంటు అంటే లైట్లు, మోటార్లు కాదు. కరెంటే ముడిసరుకు. ఒక టన్ను సిలికో మాంగనీస్ తీయడానికి సుమారు 4,000 యూనిట్లు కాలుతాయి.

2022లో రాష్ట్ర ప్రభుత్వం పరిశ్రమలు, వ్యాపార సంస్థలు వాడే కరెంటు మీద సుంకాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి ఒక రూపాయికి పెంచింది. పెరిగింది 94 పైసలు. వినడానికి పెద్దగా అనిపించదు. నాలుగు వేల యూనిట్లతో గుణిస్తే టన్నుకు 3,760 రూపాయలు. రోజుకు 50 టన్నులు తీసే ఫర్నేసు అనుకుంటే రోజుకు లక్షా 88 వేలు. ఇది కరెంటు చార్జీ కాదు, చార్జీ మీద వేసిన సుంకంలో పెరిగిన భాగం మాత్రమే. ఆపైన ట్రూ అప్ చార్జీలు ఉండనే ఉన్నాయి, అంటే ఎప్పుడో పాత సంవత్సరాల్లో వాడిన కరెంటుకు ఇప్పుడు వసూలు చేసే తేడా సొమ్ము. నిరుడు అమ్మేసిన సరుకు ఖర్చు ఈ ఏడు పెరిగిందని తెలిస్తే ఆ తేడాను ఏ కొనుగోలుదారు దగ్గర వసూలు చేయాలి?

ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ ఫర్నేసులతో పోటీ పడాల్సిన సరుకు ఇది. 2023లో జిల్లాలో ఫెర్రో పరిశ్రమలు మూత మాట ఎత్తడం వెనక ఉన్నది ఈ లెక్కే. విచిత్రం ఏమిటంటే, వ్యాపారానికి అనువైన రాష్ట్రాల ర్యాంకుల్లో ఆంధ్రప్రదేశ్ ఆ చుట్టుపక్కల ఏళ్లలో ముందు వరసలో నిలుస్తూ వచ్చింది. అనుమతులు ఎన్ని రోజుల్లో వస్తాయో ర్యాంకు కొలుస్తుంది. వచ్చాక మీటరు ఎంత తిరుగుతుందో కొలవదు.

ఇక్కడ తక్కువ పన్ను వాదం నూటికి నూరుపాళ్లూ సరైనది. పన్ను తగ్గించాల్సిన చోటు ఏదైనా ఉంటే కరెంటు సుంకమే మొదటిది. అయితే ప్రభుత్వాలు ఆ పని చేయకుండా మరో దారి పడతాయి. రాయితీ ప్రకటిస్తాయి.

రాయితీ, తక్కువ పన్ను ఒకటేనా?

రాష్ట్రాలు పెట్టుబడుల కోసం పోటీ పడేది ఇప్పుడు ఎక్కువగా రాయితీలతోనే. రాష్ట్ర జీఎస్టీ తిరిగి ఇస్తామంటారు, స్టాంపు డ్యూటీ మాఫీ అంటారు, భూమి నామమాత్రపు ధరకు ఇస్తారు. 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 21 ఎకరాల పైచిలుకు భూమిని 99 పైసలకు కేటాయించడం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఉద్యోగాలు వస్తే ఆ భూమి చవకే అని వాదించవచ్చు. ఆ వాదన సంగతి ఎలా ఉన్నా, దీన్ని చిన్న ప్రభుత్వం అనలేం. ఎవరికి ఎంత ఇవ్వాలో కేబినెట్ కూర్చుని తేల్చే పద్ధతి ఇది. తక్కువ పన్ను అందరికీ ఒకేలా వర్తిస్తుంది, అడగక్కర్లేదు. రాయితీకి దరఖాస్తు పెట్టాలి, ఫైలు కదలాలి, బడ్జెట్‌లో డబ్బు విడుదల కావాలి. పరిశ్రమలకు ఇవ్వాల్సిన రాయితీ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోవడం ఏ ఒక్క ప్రభుత్వానికో పరిమితమైన జబ్బు కాదు. పెద్ద కంపెనీ ఆ బకాయిని లెక్కల పుస్తకంలో రాసుకుని ఆగగలదు. పలాసలో జీడి ఫ్యాక్టరీ నడిపే ఆసామి ఆగలేడు.

ఆ ఆసామి పరిస్థితి దగ్గరగా చూస్తే రేటుకూ భారానికీ తేడా తెలుస్తుంది. పలాస-కాశీబుగ్గలో వందల సంఖ్యలో జీడి పరిశ్రమలున్నాయి. ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు మార్చి నుంచి మే దాకా వస్తాయి. 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి రైతు దగ్గర కొన్న పిక్కలకు పన్ను కొన్నవాడే కట్టాలి. రివర్స్ చార్జ్ అనేది దీన్నే. రేటు 5 శాతమే. బస్తా 12,000 అనుకుంటే 600 రూపాయలు. వెయ్యి బస్తాలు కొన్నవాడు 6 లక్షలు నగదుగా కట్టాలి. ఆ డబ్బు పోదు. పిక్కలు ఉడికించి, కొట్టించి, పొట్టు తీయించి, గుండ్లు, బద్దలు వేరు చేసి అమ్మినప్పుడు ఆ అమ్మకం పన్నులో సర్దుబాటు అవుతుంది. అమ్మకం పుంజుకునేది పండగల సీజన్‌లో. అంతవరకు ఆ ఆరు లక్షలకు వడ్డీ ఎవరు కడతారు? అందుకే కొంత సరుకు బిల్లు లేకుండా 'జీరో'లో నడుస్తుంది. ఇక్కడ 5 శాతాన్ని 4 చేసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. కట్టే తేదీ మారితే ఒరుగుతుంది. బయటి నుంచి వచ్చే పిక్కల మీద కస్టమ్స్ సుంకాన్ని 2018 బడ్జెట్‌లో 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. అది ఆఫ్రికా పిక్కలు దింపుకునేవాళ్లకు ఊరట, ఉద్దానం రైతుకు కొత్త పోటీ. ఒకే పన్ను కోత ఒకే ఊళ్లో ఇద్దరికి రెండు రకాలుగా తగిలింది.

జీఎస్టీ వల్ల నిజంగా మేలు జరిగింది వేరే చోట. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర వేబిల్లులు పట్టుకుని లారీలు బారులు తీరే రోజులు 2017 జూలైతో పోయాయి. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేయడం మన కాలంలో ప్రభుత్వం నిజంగా తనను తాను తగ్గించుకున్న అరుదైన సందర్భం. పన్ను ఒక్క పైసా తగ్గకుండానే సరుకు రవాణా సులువైంది.

ఏడు జిల్లాలకు ఒకే రాయితీ

వెనుకబడిన జిల్లాలకు ప్రత్యేకంగా పన్ను తగ్గిస్తే ఏమవుతుందో కూడా ఇక్కడ చూశాం. రాష్ట్ర విభజన చట్టంలో ఇచ్చిన మాట ప్రకారం కేంద్రం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, నాలుగు రాయలసీమ జిల్లాలను వెనుకబడినవిగా నోటిఫై చేసింది. 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి మధ్య అక్కడ పెట్టే తయారీ యూనిట్లకు ఆదాయపు పన్నులో రెండు వెసులుబాట్లు వచ్చాయి. కొత్త యంత్రాల మీద అదనపు తరుగుదల, అంటే యంత్రాల అరుగుదల కింద పన్ను లెక్కలో లాభంలోంచి తీసేసుకునే మొత్తం, 20 శాతానికి బదులు 35 శాతం, దానికి తోడు 15 శాతం పెట్టుబడి భత్యం. ఏడు జిల్లాలకూ ఇదే రేటు, ఇవే తేదీలు.

ఆ గడువులో వచ్చిన పేరున్న పెట్టుబడి కియా. 2017లో ఒప్పందం కుదిరి, 2019 నాటికి పెనుకొండ దగ్గర కార్లు తయారయ్యాయి. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఎందుకు పెట్టలేదంటే పన్ను కారణం కాదు, అది అక్కడా ఇక్కడా ఒకటే. పెనుకొండకు బెంగళూరు దగ్గర, చెన్నై విడిభాగాల కంపెనీలు, రేవులు అందుబాటులో ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం భూమి చదును చేసి, హంద్రీ-నీవా నీళ్లు ఇచ్చి, పైన రాయితీలు కట్టబెట్టింది. పైగా తరుగుదల లాంటి వెసులుబాటు లాభం వచ్చాకే పనికొస్తుంది. లాభమే లేని కొత్త యూనిట్‌కు అది కాగితం మీది హక్కు.

ఉత్తరాఖండ్, హిమాచల్ అనుభవమూ ఇలాంటిదే. ప్రత్యేక హోదా వచ్చి ఉంటే మనకూ దక్కేవని ఇక్కడ ఎన్నో సభల్లో చెప్పిన రాయితీలు అక్కడ 2003 నుంచి నిజంగా అమలయ్యాయి. పదేళ్లు ఎక్సైజ్ మినహాయింపు, మొదటి అయిదేళ్లు ఆదాయపు పన్ను పూర్తిగా లేదు. ఫ్యాక్టరీలు వచ్చాయి, కాదనలేం. హిమాచల్‌లోని బద్ది మందుల తయారీ కేంద్రమైంది. కానీ ఎక్కడ వచ్చాయో చూడాలి. బద్ది చండీగఢ్‌కు కూతవేటు. హరిద్వార్, పంత్‌నగర్ ఢిల్లీ వైపు మైదానం. అదే రాయితీ ఉన్న పితోరాగఢ్ కొండలకు ఎవరూ ఎక్కలేదు, అక్కడి ఊళ్లు ఖాళీ అవుతూనే ఉన్నాయి. పన్ను తగ్గింపు రోడ్డు ఉన్న చోట పనిచేసింది, రోడ్డు లేని చోట పనిచేయలేదు.

మాట నిలబడటం కూడా ముఖ్యమే. అదే విభజన హామీల్లో వెనుకబడిన జిల్లాలకు ఏటా జిల్లాకు 50 కోట్ల చొప్పున 350 కోట్లు ఇవ్వాలి. 2018లో ఆ 350 కోట్లు రాష్ట్ర ఖాతాలో పడి మళ్లీ వెనక్కి వెళ్లిపోయాయి.

పేష్కష్ కాలం నుంచి

పన్ను పేచీ ఈ గడ్డకు కొత్త కాదు. పద్మనాభం యుద్ధంలో 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ప్రాణాలు కోల్పోవడానికి దారితీసిన గొడవల్లో ముఖ్యమైనది ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన పేష్కష్, అంటే కప్పం, బకాయి. తర్వాత 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో శాశ్వత శిస్తు విధానం వచ్చినప్పుడు విజయనగరం జమీందారీకి సుమారు అయిదు లక్షల రూపాయల పేష్కష్ ఖాయం చేశారు. శాశ్వతం అంటే శాశ్వతమే. పంట పెరిగినా, ధర పెరిగినా సర్కారుకు చేరేది అంతే.

తక్కువ పన్ను, పరిధి దాటని ప్రభుత్వం అనే సూత్రానికి ఇంత స్వచ్ఛమైన నమూనా దొరకదు. పన్ను ఖాయం, ఏటేటా దాని విలువ కరిగిపోతుంది, సర్కారు లోపలి వ్యవహారాల్లో వేలు పెట్టదు. సిద్ధాంతం ప్రకారం పెట్టుబడి వెల్లువెత్తాలి. జరిగింది వేరు. పైన జమీందారుకు శిస్తు ఖాయమైంది గానీ కింద రైతుకు కాలేదు. మిగులు మధ్యలో ఆగింది.

అదే కాలంలో గోదావరి జిల్లాలో చాలా జమీందారీలు బకాయిలతో కూలి సర్కారు చేతికి వచ్చాయి. అక్కడ రైతు శిస్తు నేరుగా సర్కారుకే. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయిందంటే కాటన్ పట్టుదల ఒక్కటే కారణం కాదు. నీళ్లు పారితే శిస్తు పెరుగుతుంది, పెరిగిన శిస్తు ఖజానాకే వస్తుంది. పెట్టిన ఖర్చు తిరిగి వస్తుందని కంపెనీ దొరలకు చూపించగలిగాడు, వచ్చింది కూడా. నాగావళి మీద అదే ఖర్చు పెట్టి ఉంటే పెరిగిన రాబడి జమీందారుకు పోయేది, మద్రాసుకు దక్కేది ఆ ఖాయం పేష్కష్ మాత్రమే. అలాంటి ఖర్చు సర్కారు ఎందుకు పెడుతుంది? నదుల తేడా ఉంది, నిజమే. నాగావళి, వంశధార గోదావరి కావు. అయినా వంశధార మీద గొట్టా బ్యారేజీ కోసం స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాలు ఆగాల్సి రావడం నది చిన్నదవడం వల్లే అని సరిపెట్టుకోలేం. ఒడిశాతో నీళ్ల పంపకం ఒప్పందం 1962లో జరిగితే, అదే నది మీద తలపెట్టిన నేరడి బ్యారేజీ గురించి ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో ప్రచురించిన పరిశోధన దేశమంతటా ఇదే తేడాను చూపింది. జమీందారీ కింద ఉండిన జిల్లాలు, రైతు నేరుగా శిస్తు కట్టిన జిల్లాలకంటే స్వాతంత్ర్యం తర్వాత కూడా వ్యవసాయ దిగుబడిలోనూ, బడులు, ఆరోగ్యం మీద పెట్టుబడిలోనూ వెనకబడ్డాయి. జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. వాటి ప్రభావం చట్టంతో పోలేదు.

ఇక్కడ తేలేది ఒకటే. ఊరు ఎదిగితే ప్రభుత్వ రాబడి కూడా ఎదిగేలా ఉంటే ప్రభుత్వం ఆ ఊరి మీద ఖర్చు పెడుతుంది. ఆ లంకె తెగిపోతే పన్ను ఎంత తక్కువైనా ఎవరూ పట్టించుకోరు. ఇప్పటి జీఎస్టీలో ఆ లంకె మరో రకంగా తెగింది. సరుకు ఎక్కడ వాడితే రాష్ట్ర వాటా అక్కడికి పోతుంది. పలాస జీడిపప్పు ఢిల్లీలో మిఠాయిలో పడితే ఢిల్లీకి రాబడి. పైడిభీమవరం నుంచి మందులు ఎగుమతైతే జీఎస్టీ సున్నా, కట్టింది కూడా రీఫండ్. శ్రీకాకుళం కుర్రాడు హైదరాబాద్‌లో భవన నిర్మాణంలో పనిచేసి అక్కడ సబ్బు కొంటే తెలంగాణకు. వినియోగం ఎక్కువున్న రాష్ట్రానికి ఇది అనుకూలం. తయారుచేసే జిల్లాకు, వలసపోయే జిల్లాకు చేరేది తక్కువ. ఫ్యాక్టరీ వల్ల రాష్ట్రానికి నేరుగా దక్కేది కరెంటు సుంకం, డీజిల్ వ్యాట్, రిజిస్ట్రేషన్. తిరిగి తిరిగి భారం అక్కడే పడటానికి ఇదే కారణం.

ఎక్కడ చిన్నది, ఎక్కడ పెద్దది

ప్రభుత్వం చిన్నదిగా ఉండాలనేవాళ్లు సోంపేట గురించి పెద్దగా మాట్లాడరు. మాట్లాడాలి. 2010 జూలై 14న అక్కడి బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి, తర్వాత ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలో జరిగాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. ఆస్తి హక్కును కాపాడటం, ఒకరి భూమిని మరొకరికి బలవంతంగా కట్టబెట్టకపోవడం ఆ సిద్ధాంతానికి పునాది. ఆ పునాది మీద నిలబడ్డది బీల రైతులు, మత్స్యకారులే. అక్కడ అవసరానికి మించి పెద్దదైన ప్రభుత్వం, పైడిభీమవరం వ్యర్థజలాల మీద మత్స్యకారులు ఫిర్యాదు చేసినప్పుడు మాత్రం ఉన్నట్టుండి చిన్నదైపోతుంది.

193 కిలోమీటర్ల తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో పెద్ద బోట్లు ఆగే హార్బర్ లేకపోవడం వల్ల వేటగాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా కూలికి పోతున్నారు. అక్కడ వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన 20 మంది తెలుగు మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం తేలకుండానే తరాలు గడిచాయి. వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే సుమారు 700 కోట్ల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఈ పనులు మార్కెట్ చేయదు. చేసినా ఉద్దానం కొనలేదు.

మరి డబ్బు? 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,22,359 కోట్లు. అందులో రోడ్లు, ప్రాజెక్టుల్లాంటి ఆస్తులు కట్టే మూలధన వ్యయం 40,635 కోట్లు, అంటే 13 శాతం లోపు. రెవెన్యూ లోటు 33,185 కోట్లు. నెలవారీ ఖర్చుకే అప్పు చేసే చోట కరెంటు సుంకం తగ్గించమంటే ఆర్థిక శాఖ ఏ పద్దులో కోయాలో చూపించమంటుంది. అలాగని సంక్షేమమంతా దుబారా అనడం ఇక్కడ చెల్లదు. 2024 జూలై నుంచి నెలకు 4,000 అయిన పింఛను ఒకటో తేదీన చేతికి రాకపోతే, పిల్లలు వలసపోయిన ఊళ్లో కిరాణా కొట్టే నడవదు. కోయాల్సింది ఎవరికి ఇచ్చారో, ఎందుకిచ్చారో లెక్క తేలని రాయితీలను. ఆ మిగులుతో ముందు ఫర్నేసుల సుంకం దించవచ్చు. సరిహద్దులో డీజిల్ రేటును ఒడిశాకు దగ్గరగా తెస్తే పోయే రాబడిలో కొంత లారీలే తిరిగి తెస్తాయి.

తెగిన లంకెను కొంతైనా కలిపే ఏర్పాట్లు లేకపోలేదు. రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ పారిశ్రామికవాడల్లో ఆస్తి పన్నును ఐలా అనే అక్కడి స్థానిక సంస్థ వసూలు చేసి 35 శాతం పక్కనున్న పంచాయతీకో మున్సిపాలిటీకో ఇవ్వాలి. 2015 నుంచి గనుల రాయల్టీతో పాటు కట్టే అదనపు సొమ్ము జిల్లా మినరల్ ఫౌండేషన్‌లో చేరి గనుల చుట్టూ ఉన్న ఊళ్లకే ఖర్చు కావాలి. టెక్కలి నీలి గ్రానైట్‌కైనా, చీపురుపల్లి వైపు మాంగనీసుకైనా ఇదే వర్తిస్తుంది. పద్ధతి మంచిదే. ఆ పంచాయతీల గోడ మీద ఏటా ఎంత వచ్చిందో, దేనికి పెట్టారో రాసి ఉంచితే ఇంకా మంచిది.

2023 ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకు, ఆ తర్వాతి నెలలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపనలు జరిగాయి. భోగాపురంలో ఒక్కో ప్రయాణికుడికి 303 రూపాయల చొప్పున ఇస్తామని నిర్మాణ సంస్థ టెండర్‌లో ఒప్పుకుంది. ఎవరికి ఎంత వస్తుందో రాసుకున్న లెక్క అది, కాకపోతే ఆ సొమ్ము వెళ్లేది రాష్ట్రానికి. రేవులో దిగే సరుకు మీద జీఎస్టీ అది వాడే రాష్ట్రానికి పోతుంది, కస్టమ్స్ కేంద్రానికి. మూలపేట రేవు కోసం పొలాలు వదులుకున్న సంతబొమ్మాళి మండలం పంచాయతీలకు టన్నుకు ఇన్ని పైసలని ఒక పద్దు ఇప్పుడే, రేవు ఒప్పందాల్లోనే రాయించుకోవాలి. ఓడలు రావడం మొదలయ్యాక అడిగితే ఆ పైసలు ఇవ్వడానికి మళ్లీ ఒక ఫైలు, ఒక కమిటీ, ఒక బకాయి.